మొండి గాలీ, వెనక బ్రేకూ

బ్రేకు ఎందుకు అని అడిగితే బండి ఆపడానికి అని ఎవరైనా చెప్తారు. ట్రయల్స్ బండి నడిపేవాళ్ళని అడగండి, వేరే సమాధానం వస్తుంది. వాళ్ళకి వెనక బ్రేకు ఉన్నది నిలబడటానికి. నడుమెత్తు బండరాయి మీద, చక్రాల కింద జానెడు చోటు కూడా లేనప్పుడు, కాలు కింద పెట్టకుండా రెండు క్షణాలు అలాగే నిలబడి, ముందు చక్రం ఎత్తి పక్కకి పెట్టి, అక్కణ్ణుంచి ఇంకో రాయి మీదకి దూకాలి. ఆ రెండు క్షణాలూ కుడిపాదం కింద ఉన్న ఒక చిన్న పెడల్ మీద ఆధారపడి ఉంటాయి. అది స్పాంజిలా మెత్తగా ఉంటే మనిషి రాయి మీద ఉండడు, వాగులో ఉంటాడు :)

మనవైపు ఈ ఆట చూసినవాళ్ళు తక్కువ కాబట్టి ముందు రెండు ముక్కలు. ఇది వేగం పోటీ కాదు. రాళ్ళ వాగులు, బురద గట్లు, వేళ్ళు తేలిన చెట్ల మధ్య సెక్షన్లు అని గుర్తులు పెడతారు. ఆ సెక్షన్‌లో కాలు ఒకసారి కింద పెడితే 1, రెండుసార్లకి 2, మూడు లేక అంతకన్నా ఎక్కువైతే 3, పడిపోయినా హద్దు దాటినా 5. ఎవరికి తక్కువొస్తే వాళ్ళు గెలిచినట్టు. బండికి సీటు అనదగ్గది ఉండదు, ఎంతసేపైనా నిలబడే నడపాలి. బరువు 70 కేజీలు అటూఇటూ, అంటే మన స్ప్లెండర్ కన్నా చాలా తేలిక. స్కాట్లండ్‌లో ఆరు రోజుల ట్రయల్ 1909లో మొదలైంది. ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో జరిగే స్కాట్ ట్రయల్ 1914 నాటిది, ఆల్‌ఫ్రెడ్ స్కాట్ అనే బండ్ల తయారీదారు తన కార్ఖానా పనివాళ్ళ కోసం మొదలుపెట్టినది. స్పెయిన్ కుర్రాడు టోనీ బౌ 2007లో మొదటిసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ పేరు ఇంకొకరికి వదల్లేదు. అతని వీడియో ఒక్కటి చూడండి, న్యూటన్ మీద అనుమానం వస్తుంది.

సరే, అసలు సంగతికొస్తా. ఈ పిచ్చి పట్టినవాడు నేను కాదు, మా బావ (అక్క భర్త). వాళ్ళుండేది లీడ్స్‌లో, నేనుండేది వాళ్ళకి పదినిమిషాల దూరంలో. బావ పదేళ్ళనాటి ట్రయల్స్ బండి ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఇంజను శుభ్రంగా ఉంది, చైను కొత్తది, వెనక బ్రేకు మాత్రం మెత్తన. పెడల్ నొక్కితే ముప్పావు వంతు దూరం ఊరికే దిగిపోయి, చివర్లో కొంచెం పట్టుకుంటుంది. బీటెక్‌లో మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలిన లక్షలమందిలో నేనూ ఒకణ్ణి కాబట్టి పిలుపు నాకొచ్చింది. "ఏరా, మెకానికల్ సర్టిఫికెట్ అటక మీదే ఉందా, ఏమైనా పనికొస్తుందా?" అన్నారు బావ.

మన ఊళ్ళో వెనక బ్రేకు అంటే లెక్క చాలా తేలిక. డ్రమ్ము బ్రేకు, ఒక ఇనప రాడ్డు, చివర ఒక నట్టు. బ్రేకు వదులైందా, నట్టు రెండు చుట్లు బిగించు. అయిపోయింది. రాడ్డు మధ్యలో ఏముందో తెలుసుకోనక్కర్లేదు, ఎందుకంటే మధ్యలో రాడ్డే ఉంది. హైడ్రాలిక్ బ్రేకులో రాడ్డు స్థానంలో ద్రవం ఉంటుంది. ఈ చిన్న తేడాతోనే కథ మొత్తం మారిపోతుంది.

ఇంటర్‌లో చదివిన పాస్కల్ సూత్రమే. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుంది. పాస్కల్ రాసింది 1663లో ఆయన పోయాక అచ్చయింది. దాన్ని చక్రం దగ్గరికి తెచ్చింది మాల్కం లాక్‌హీడ్ అనే అమెరికన్, 1917లో పేటెంటు. 1921 ప్రాంతంలో డ్యూసెన్‌బర్గ్ కారుకి నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులొచ్చాయి. ట్రయల్స్ బండ్లు ఇంకా చాలాకాలం డ్రమ్ములతోనే నడిచాయి. వాటికి డిస్కులు అలవాటైంది 1980ల రెండో సగంలో.

బ్రేక్ ఆయిల్ నొక్కితే నలగదు అనుకోవచ్చు. గాలి నలుగుతుంది. గొడవంతా ఇక్కడే. లెక్క కోసం మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 11 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 10 మిల్లీమీటర్లు అనుకుందాం. పెడల్ పూర్తిగా తొక్కితే కదిలే ఆయిల్ ఒక ఎం.ఎల్. కన్నా కొంచెం తక్కువ, 0.95. ఇప్పుడు లోపల ఎక్కడో అర ఎం.ఎల్. గాలి ఉందనుకోండి. ఒత్తిడి ఇరవై రెట్లయ్యేసరికి బాయిల్ సూత్రం ప్రకారం ఆ అర ఎం.ఎల్. కాస్తా 0.025కి నలిగిపోతుంది. అంటే మన కాలు తోసినదాంట్లో 0.475 ఎం.ఎల్., సరిగ్గా సగం, గాలిని నలపడానికే ఖర్చయింది. కారులో అయితే సిలిండర్ పెద్దది, ఈపాటి గాలిని ఎలాగోలా భరిస్తుంది. ట్రయల్స్ బండి వెనక బ్రేకులో ఉన్నదే చెంచాడు ఆయిల్. శనగగింజంత బుడగ చాలు, పెడల్ కూలబడటానికి.

ఆ గాలిని బయటికి పంపడాన్నే మన మెకానిక్కులు "ఎయిర్ తీయడం" అంటారు. పద్ధతి అందరికీ తెలిసిందే. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కాలిపర్ మీదున్న నిపుల్ని పానాతో పావు చుట్టు తిప్పాలి, ఆయిలూ గాలీ బయటికొస్తాయి, నిపుల్ బిగించాలి, అప్పుడు పెడల్ వదలాలి. డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ ఉండాలి. తొక్కు, విప్పు, బిగించు, వదులు. శనివారం పొద్దున బావా నేనూ ఈ మంత్రం గంటన్నర జపించాం. ఒక సీసా డాట్ 4 అయిపోయింది. మొదట్లో బుడగలొచ్చాయి, తర్వాత అద్దంలాంటి ఆయిల్ వచ్చింది, ఒక్క బుడగ లేదు. పెడల్ మాత్రం ముందెంత మెత్తగా ఉందో అంతే.

ఇక్కడ ట్రయల్స్ బండి వెనక బ్రేకు గురించి ఒక మాట చెప్పాలి. ఇది మొండిది అని పేరు పడటానికి కారణాలున్నాయి. మాస్టర్ సిలిండర్ కింద, ఫుట్‌రెస్టు దగ్గర ఉంటుంది. కాలిపర్ వెనక చక్రం దగ్గర, చాలా బండ్లలో దాదాపు అదే ఎత్తులో. మధ్యలో గొట్టం స్వింగ్ ఆర్మ్ వెంబడి ఒకచోట ఎక్కి ఒకచోట దిగి వెళ్తుంది. గాలి పైకి పోవాలని చూస్తుంది, మనం పెడల్‌తో దాన్ని పక్కకీ కిందకీ తోస్తాం. ఒక్కో తొక్కుకి కదిలేది ఒక ఎం.ఎల్. కూడా కాదు కాబట్టి, బుడగ నాలుగంగుళాలు ముందుకు జరిగి, వదలగానే మళ్ళీ గొట్టంలో ఎత్తైన మలుపు దగ్గరికి చేరిపోతుంది. పైగా కొన్ని కాలిపర్లలో నిపుల్ అన్నిటికన్నా ఎత్తులో ఉండదు. దానికి పైన ఒక మూల ఉంటుంది, ఆ మూలలో గాలి కాపురం పెడుతుంది. మా ఊళ్ళో పొలం మోటారుకి నీళ్ళు ఎక్కకపోతే మా నాన్న బకెట్లతో నీళ్ళు పోసి, పైన మూత వదులు చేసి గాలి పోనిచ్చేవారు. మూత ఎప్పుడూ పైనే ఎందుకుంటుందో చిన్నప్పుడు నాకు తట్టలేదు. గాలికి దారి పైనే ఉండాలి, అంతే.

బావ వాక్యూమ్ పంపు తెప్పించారు. నిపుల్ దగ్గర తగిలించి లాగితే బుడగలే బుడగలు, ఎంతసేపటికీ ఆగవు. చూడ్డానికి భలే తృప్తిగా ఉంటుంది గానీ ఆ బుడగల్ని నమ్మడానికి లేదు. నిపుల్ వదులు చేసినప్పుడు దాని మరల చుట్టూ ఉన్న సందులోంచి బయటి గాలే లోపలికి లాక్కుంటుంది. మనం చూసేది బ్రేకులో గాలి కాదు, గ్యారేజీలో గాలి. లాగులో కనిపించే ఎర్రర్ అంతా మన కోడ్‌ది కానట్టే, సాధనం తెచ్చిపెట్టే గోల కొంత ఉంటుంది.

పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారు, అరవై దాటాయి, కుర్రప్పుడు ట్రయల్స్ ఆడారట. మా అవస్థ చూసి ఒక చిట్కా చెప్పారు. పెడల్ తొక్కి, అలాగే తాడుతో కట్టేసి, రాత్రంతా వదిలేయండి, పొద్దున్నకి గట్టిపడుతుంది అని. ఇది చాలామంది చెప్పే చిట్కా, కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా. ఒత్తిడిలో బుడగలు చిన్నవై గోడల్ని వదిలి పైకి జరుగుతాయి, తాడు విప్పగానే కొన్ని డబ్బాలోకి పోతాయి. కొంత గాలి ఒత్తిడికి ఆయిల్‌లో కరిగిపోతుంది. కరిగింది మాత్రం ఎక్కడికీ పోదు, ఒత్తిడి తీశాక నెమ్మదిగా మళ్ళీ బుడగై కూర్చుంటుంది. సోడాసీసా మూత తీసినట్టు.

కట్టేశాం. ఆదివారం పొద్దున తాడు విప్పి బావ పెడల్ తొక్కారు. రాయి! అంగుళం కూడా దిగట్లేదు. బావ మొహం వెలిగిపోయింది. "పదరా, వ్యాన్‌లో ఎక్కించేద్దాం, పదింటికల్లా కొండ దగ్గరుండాలి" అన్నారు.

నేను వెనక చక్రం చేత్తో తిప్పి చూశాను. తిరిగింది, కానీ బరువుగా. ముందురోజు చేత్తో ఒక్కసారి తిప్పితే నాలుగైదు చుట్లు తిరిగిన చక్రం ఇప్పుడు అర చుట్టుకి ఆగిపోతోంది. పెడల్ మీద ఎవరి కాలూ లేదు. మరి బ్రేకు పట్టుకునున్నదెవరు?

అప్పుడే అక్క టీ పట్టుకుని గ్యారేజీలోకి వచ్చింది. బావని అడగలేదు, నన్నే అడిగింది. "ఒరేయ్, బ్రేకు నిజంగా బాగైందా? పోయినవారం వాగు గట్టు మీంచి దిగేది చూశాను, గోడలా ఉంది."

"బాగవలేదక్కా. గట్టిపడింది, అంతే."

బావకి కోపమొచ్చింది, దాచుకోలేదు. "నీ రిలీజులకి కూడా ఇలాగే అడ్డం పడతావా? నిన్న మెత్తగా ఉంది, ఇవాళ గట్టిగా ఉంది, ఇంకేం కావాలి?" ఆయన బాధ నాకు అర్థం కాకపోలేదు. వారమంతా ఆఫీసు, ఆదివారం ఒక్కటే దొరుకుతుంది, ఆ ఆదివారం కూడా గ్యారేజీ నేల మీద పోతోంది. కానీ అక్క అడిగినదానికి నేను చెప్పే జవాబు మీద ఒక మనిషి గట్టు దిగబోతున్నాడు. "బావా, పది నిమిషాలు ఆగండి. ఒకే ఒక్క పరీక్ష. పాసైతే నేనే వ్యాన్ ఎక్కిస్తా" అన్నాను.

పరీక్ష చాలా చిన్నది. ఎనిమిదో నంబరు పానాతో నిపుల్ని కొంచెం వదులు చేశాను. ఆయిల్ చిన్న పిచికారీలా చిమ్మింది (గుడ్డ అడ్డం పెట్టుకోండి, కళ్ళద్దాలు పెట్టుకోండి). బిగించి చక్రం తిప్పాను. హాయిగా తిరిగింది. పెడల్ తొక్కితే మళ్ళీ మెత్తన.

అంటే పెడల్ వదిలేశాక కూడా లోపల ఒత్తిడి బందీ అయి ఉంది. పొద్దున్న రాయిలా తగిలింది బాగైన బ్రేకు కాదు, వదలని బ్రేకు. బావ టీ కప్పు పక్కన పెట్టి నేల మీద కూర్చున్నారు. "అయితే చెప్పు" అన్నారు. ఆదివారం ట్రయల్ సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఒత్తిడి ఎక్కడ బందీ అయింది? దారిలో రెండు చోట్ల అవ్వొచ్చు. గొట్టం లోపల ఉబ్బిపోయి ఒకవైపు మాత్రమే ఆయిల్ పోనిస్తూ ఉండొచ్చు, పాత గొట్టాల్లో ఇది జరుగుతుంది. లేదా మాస్టర్ సిలిండర్‌లో. మన పనిలో చేసినట్టే మధ్యకి విరిచి చూడ్డమే. పెడల్ పదిసార్లు కొట్టి చక్రం మళ్ళీ బిగిసేలా చేసి, ఈసారి నిపుల్ జోలికి పోకుండా మాస్టర్ సిలిండర్ దగ్గర గొట్టం బోల్టు వదులు చేశాను. అక్కడ చిమ్మింది, చక్రం వదిలేసింది. గొట్టం అడ్డుపడి ఉంటే ఇటువైపు విప్పినా చక్రం వదలకూడదు. కాబట్టి గొట్టం నిర్దోషి. దొంగ మాస్టర్ సిలిండర్‌లోనే ఉన్నాడు.

ఇక్కడ సిలిండర్ లోపలి సంగతి ఒకటి చెప్పాలి, దీనికోసమే ఇంత రాస్తున్నాను. డబ్బాలోంచి సిలిండర్‌లోకి రెండు రంధ్రాలుంటాయి. ఒకటి పెద్దది, పిస్టన్ మీదున్న రబ్బరు వాషర్‌కి వెనకవైపు. రెండోది సూది మొనంత చిన్నది, వాషర్‌కి కాస్త ముందు. పెడల్ పూర్తిగా పైకొచ్చినప్పుడు మాత్రమే ఈ చిన్న రంధ్రం తెరుచుకునుంటుంది. పెడల్ కొంచెం తొక్కగానే వాషర్ దాన్ని దాటుకుని ముందుకెళ్ళి మూసేస్తుంది, అప్పుడే ఒత్తిడి మొదలవుతుంది. వదిలేశాక వాషర్ వెనక్కొచ్చి రంధ్రం తెరుచుకుంటుంది, మిగిలిన ఒత్తిడి డబ్బాలోకి పోతుంది, దాంతోపాటు సిలిండర్‌లో ఉన్న బుడగలూ అక్కణ్ణుంచే పైకి పోతాయి. బ్రేకు వేడెక్కి ఆయిల్ వ్యాకోచించినా పోవాల్సిన దారి అదే.

వాషర్ సంగతి సైకిల్ పంపు కొట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కిందికి నొక్కితే తోలు వాషర్ గోడకి అతుక్కుని గాలిని ఆపుతుంది, పైకి లాగితే పక్కల్నుంచి గాలిని రానిస్తుంది. బ్రేకులో రబ్బరు వాషర్ కూడా అంతే. వెనకనుంచి ఆయిల్‌ని ముందుకు రానిస్తుంది, ముందునుంచి వెనక్కి పోనివ్వదు.

ఇప్పుడు ఆ చిన్న రంధ్రం శాశ్వతంగా మూసుకుపోయిందనుకోండి. ఏమవుతుంది? పెడల్ కొట్టిన ప్రతిసారీ వాషర్ పక్కల్నుంచి ఆయిల్ ముందుకొస్తూనే ఉంటుంది. నిపుల్ దగ్గర శుభ్రమైన ఆయిల్ కారుతూనే ఉంటుంది. డబ్బాలో మట్టం తగ్గుతూనే ఉంటుంది. పని జరుగుతున్నట్టే కనిపిస్తుంది. కానీ సిలిండర్ పైభాగంలోనూ గొట్టం మొదట్లోనూ ఉన్న గాలికి పైకి పోయే దారి లేదు. సీసా కాదు, పీపా పోసినా అది అక్కడే ఉంటుంది. నొక్కిపెట్టిన ఒత్తిడికీ వెనక్కి దారి లేదు, అందుకే చక్రం వదలదు. శనివారం మెత్తదనం, ఆదివారం గట్టిదనం, రెండూ ఒకే మూసిన తలుపు రెండు ముఖాలు.

రుజువు కోసం సిరంజి వాడాం. నిపుల్‌కి చేపల తొట్టి గొట్టం తగిలించి, కొత్త ఆయిల్ నింపిన సిరంజితో కింద నుంచి పైకి నెమ్మదిగా తోశాను. గాలి ఎటు పోవాలనుకుంటుందో అటే మనమూ తోస్తాం కాబట్టి మొండి బ్రేకులకి ఇది మంచి పద్ధతి. డబ్బాలో మట్టం పెరగాలి. పెరగలేదు. చక్రం మాత్రం బిగిసింది. ఆయిల్ పైకి పోలేక కాలిపర్ పిస్టన్లని బయటికి తోస్తోందన్నమాట. రంధ్రం మూసే ఉంది.

పెడల్‌కీ పిస్టన్‌కీ మధ్య ఒక చిన్న పుష్‌రాడ్ ఉంటుంది, మరలతో పొడుగు సర్దుకోవచ్చు, లాక్ నట్‌తో బిగిస్తారు. టార్చి వేసి చూస్తే ఆ లాక్ నట్ మూలలు పానా జారి అరిగిపోయి మెరుస్తున్నాయి. పెడల్‌కి ఆట అన్నదే లేదు. విషయం అర్థమైంది. బావకన్నా ముందు ఈ బండి ఎవరి దగ్గరుందో వాళ్ళకి కూడా బ్రేకు మెత్తబడి ఉంటుంది. గాలి తీసే బదులు, డ్రమ్ము బ్రేకు నట్టు బిగించినట్టు, పుష్‌రాడ్‌ని పొడుగు చేశారు. పెడల్ కొంచెం పైనే పట్టుకోవడం మొదలెట్టింది, సమస్య తీరినట్టే అనిపించింది. కానీ పొడుగైన పుష్‌రాడ్ పిస్టన్‌ని ఎప్పుడూ కొంచెం ముందుకు తోసే ఉంచింది, వాషర్ ఆ చిన్న రంధ్రం మీదే కూర్చుండిపోయింది. లక్షణాన్ని దాచడానికి చేసిన సర్దుబాటే, అసలు జబ్బుకి మందు వేసే దారిని మూసేసింది.

లాక్ నట్ వదులు చేసి పుష్‌రాడ్‌ని కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పాను. బావ డబ్బా మూత తీసి చూస్తున్నారు. ఒకటిన్నర చుట్టు దగ్గర "ఒరేయ్!" అన్నారు. ఆయిల్ ఒక్కసారి ఎగిసి, వెనకే ఒక బుడగ, దాని వెనక సన్న బుడగల తీగ. రెండు రోజులుగా మేం ఎదురుచూసింది నిపుల్ దగ్గర, అది వచ్చింది డబ్బాలో.

మిగతాది అరగంట పని. ప్యాడ్లు తీసి పక్కన పెట్టాం, వాటికి ఆయిల్ తగిలితే మళ్ళీ పనికిరావు. కాలిపర్ విప్పి, పిస్టన్ల మధ్య చెక్కముక్క పెట్టి, నిపుల్ అన్నిటికన్నా పైనుండేలా వేలాడదీశాం. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడుతూ సిరంజితో కింద నుంచి తోశాం, గొట్టం కూడా కొసదాకా తట్టాం. డబ్బా నిండి పొర్లకుండా ఇంకో సిరంజితో తోడేశాం. అన్నీ బిగించి, పడిన చోటల్లా నీళ్ళతో కడిగాం (డాట్ 4 రంగుని తినేస్తుంది, నీళ్ళలో కలిసిపోతుంది కాబట్టి నీళ్ళే మందు). పెడల్ కొసన కొద్ది మిల్లీమీటర్ల ఆట, ఆ తర్వాత గట్టి పట్టు. వదిలితే చక్రం ఠక్కున వదిలేసింది.

అక్కడితో ఆపలేదు. ఇంటి వెనక ఖాళీ జాగాలో బావ పావుగంట బ్రేకు వేస్తూ తిరిగి డిస్కు బాగా వేడెక్కించాక, బండి స్టాండు మీద పెట్టి మళ్ళీ చక్రం తిప్పాం. వేడి మీద కూడా హాయిగా తిరిగింది. నాకు ముఖ్యమైన పరీక్ష ఇదే. చిన్న రంధ్రం మూసి ఉన్న బ్రేకు చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉంటుంది. వేడెక్కితే ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక ప్యాడ్లని నొక్కుతుంది, దాంతో ఇంకా వేడి, ఇంకా నొక్కుడు. ఎక్కడో గట్టు మధ్యలో, కాలు పెట్టకుండానే వెనక చక్రం బిగిసిపోతుంది. మెత్తటి బ్రేకు కనీసం నిజం చెప్తుంది, నన్ను నమ్మకు అని. దొంగగట్టి బ్రేకు నమ్మించి తీసుకెళ్తుంది.

మన ఉద్యోగాల్లో ఈ పుష్‌రాడ్ ఎన్నిసార్లు తిప్పుతామో లెక్కపెట్టండి. టైమౌట్ వస్తోందా, ముప్పై సెకన్లని అరవై చెయ్యి. జాబ్ పడిపోతోందా, రాత్రి రెండింటికి రీస్టార్ట్ పెట్టు. అలారం మోగుతోందా, పరిమితి పెంచు. ప్రతిదానికీ ఆరోజు ఒక కారణం ఉంటుంది, డెడ్‌లైన్ ఉంటుంది, పైవాళ్ళ ఫోన్ ఉంటుంది. నేను దాన్ని తప్పు పట్టట్లేదు, కొన్నిసార్లు వేరే గతి ఉండదు. కానీ తిప్పినవాడు ఎక్కడా రాసిపెట్టడు. మూడేళ్ళ తర్వాత వచ్చినవాడు సీసాలకి సీసాలు ఆయిల్ పోస్తాడు, శుభ్రమైన ఆయిలే కారుతుంది, పెడల్ మాత్రం లేవదు. అతనికి తెలివి తక్కువై కాదు, ఓపిక తక్కువై కాదు. ఎంత కష్టపడినా ఫలితం కదలట్లేదంటే, ఇంకాస్త కష్టపడమని అర్థం కాదు. దారిలో ఏదో మూసుందని అర్థం.

ఇంకో సంగతి. సమస్య ఎందుకొచ్చిందో తెలియకుండా పోతే, అది పోయినట్టు కాదు. పొద్దున్నే రాయిలా తగిలిన పెడల్‌ని నమ్మి వ్యాన్ ఎక్కించి ఉంటే, టికెట్ క్లోజ్ అయ్యేది, అందరూ సంతోషంగా ఉండేవాళ్ళు. "నిజంగా బాగైందా?" అని అడిగే అక్క ప్రతి ప్రాజెక్టులోనూ ఉండదు. క్యూఏలో అలా అడిగేవాళ్ళు ఉంటే వాళ్ళమీద చిరాకు పడకండి. గట్టిపడటానికీ బాగవడానికీ తేడా అడుగుతున్నారు వాళ్ళు.

చివరిగా, ట్రయల్స్ సంగతి పక్కన పెట్టి, మీరు రోజూ ఆఫీసుకి వెళ్ళే బండి గురించి. వెనక డిస్కు బ్రేకు ఉన్న పల్సర్లూ అపాచీలూ మనవాళ్ళలో చాలామందికున్నాయి. వాటిలోనూ ఇదే చిన్న రంధ్రం, ఇదే పుష్‌రాడ్. పెడల్ ఎత్తు మీకు నచ్చలేదని మెకానిక్ చేత సర్దించుకుంటే, ఆ తర్వాత పెడల్‌కి కొంచెం ఆట మిగిలిందో లేదో, వదిలాక చక్రం స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చూడండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి ఈ అంకెలు 205, 140. మరిగితే ఆవిరి, ఆవిరి అంటే మళ్ళీ నలిగే బుడగే. అందుకే చాలా కంపెనీల పుస్తకాలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి. డబ్బా మూత మీద రాసిన రకమే పోయాలి. డాట్ 5 అనేది సిలికాన్, పేరు చూసి డాట్ 4 కన్నా మెరుగనుకుని కలపకూడదు. మినరల్ ఆయిల్‌తో నడిచే క్లచ్‌లున్న బండ్లలో ఆ రెండూ తారుమారైతే రబ్బర్లు ఉబ్బి చెడిపోతాయి. మన దేశంలో 125 సీసీ దాటిన బండ్లకి 2018 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్ళలోనూ, 2019 ఏప్రిల్ నుంచి అన్నిటిలోనూ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అలాంటి బండిలో గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి చేరితే దాన్ని తీయడానికి కంపెనీ స్కానర్ కావాల్సి రావొచ్చు, సిరంజితో ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

ఇంతకీ మీ బండి బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? గుర్తు లేదంటే డబ్బా కిటికీలోంచి రంగు చూడండి. లేత తేనెరంగులో ఉంటే తేదీ కనుక్కుంటే చాలు. డికాక్షన్ రంగులో ఉంటే ఈ శనివారమే పెట్టుకోండి.